వదిన ఆలోచిస్తోంది

ఏనుగును చివరి వరుస దాకా నెట్టి, గడియారం మీట నొక్కి, నీళ్ల గ్లాసు అందుకున్నాక కనబడింది. గుటక గొంతులో సగం దారిలోనే ఆగిపోయింది. అయ్యో అనుకోకూడదు. అనుకుంటే మొహంలోకి వస్తుంది, మొహంలోకి వస్తే ఎదురుగా కూర్చున్న మనిషి చదివేస్తుంది, చిన్నప్పటి నుంచీ చదువుతూనే ఉంది, మా అమ్మకన్నా బాగా చదువుతుంది. అందుకని మిగతా నీళ్లు నెమ్మదిగా మింగాను, గ్లాసు చప్పుడు కాకుండా పెట్టాను, కుర్చీలో వెనక్కి వాలాను, ఏమీ జరగనట్టు. నిజానికి ఎవరికీ ఏమీ జరగలేదు. హాలులో అయిదారు వందల మంది ఉన్నారు, పెద్ద తెర మీద మా బల్ల కనబడుతోంది, వాళ్లందరి లెక్కలో నేను గెలిచేశాను. ఇది ఆఖరి ఆట. మ్యాచ్ ఇప్పటిదాకా సమానం. ఈ ఆట డ్రా అయినా ప్రపంచ కిరీటం పాత విజేత దగ్గరే ఉండిపోతుంది. పాత విజేత అంటే ఎదురుగా రెండు చెంపలకీ పిడికిళ్లు ఆనించుకుని కూర్చున్న మనిషి. మా అన్నయ్య భార్య. మా వదిన.

గెలుపు నా చేతిలో ఉంది. కాదు, ఇందాకటి దాకా ఉండింది. నాకు రెండు బంట్లు ఎక్కువ, వదిన రాజు అంచుకు నక్కింది, ఇప్పుడు నా ఏనుగు ఆ చివరి వరుసంతా చీపురుతో ఊడ్చినట్టు ఊడ్చేస్తోంది కాబట్టి ఆ రాజుకు అడుగు పెట్టడానికి గడి లేదు. అక్కడే వచ్చింది తంటా. రాజు కదలలేకపోతే, దానికి చెక్ కూడా లేకపోతే, ఆడటానికి ఇంకో కాయ కూడా మిగలకపోతే, అది ఓటమి కాదు, డ్రా. ఎవడు పెట్టాడో ఈ న్యాయం, ఊపిరాడని వాడికి ప్రాణదానం. వదిన దగ్గర కదిలేవి రెండే ఉన్నాయి, ఒక గుర్రం, ఒక ఏనుగు. రెండూ వదిలించుకుంటే చాలు. గుర్రాన్ని తెచ్చి నా బంటు నోట్లో పెడుతూ చెక్ అంటుంది, తినక తప్పదు, తినకపోతే ముందుకు వెళ్లిన బంటు పోయి నా ఆట చప్పబడిపోతుంది. ఆ తర్వాత ఏనుగుకు పిచ్చెక్కుతుంది. నా రాజు పక్కకొచ్చి నిలబడి చెక్ అంటుంది, తింటే డ్రా, తప్పుకుంటే మళ్లీ పక్కకొచ్చి చెక్, ఎటు పోతే అటు, తిను తిను అని వెంటపడే చుట్టంలాగా. చక్కటి ఉపాయం. ఇంత చక్కటిది నేను ఎప్పుడూ ఎదురుగా కూర్చుని చూడలేదు. ఏనుగును ఒక్క వరుస కింద ఆపి ఉంటే ఈ బాధే లేదు, కానీ నేను తారాజువ్వను కదా, పత్రికలవాళ్లు పెట్టిన పేరు, అంటించాక ఆగదు. వదినకు పెట్టిన పేరు ఇనప్పెట్టె.

ఇనప్పెట్టె ఆలోచిస్తోంది. తన గడియారంలో గంటకు పైగా ఉంది, నా దాంట్లో చారెడు నిమిషాలు, ఎత్తుకు అరనిమిషం చొప్పున కలుస్తాయి, అంతే. ఎప్పుడూ ఇంతే, నేను తొందరగా ఖర్చుపెట్టేసి చేతులు దులుపుకుంటాను, వదిన పొదుపు చేసి చివర్లో తీరిగ్గా తీస్తుంది. ఇప్పుడు తీరిక మొత్తం ఒక్కసారే తీసేలా ఉంది. కళ్లు బల్ల మీద నుంచి తీసేయాలి. నీ కళ్లకు నోరుందే అంటుంది అమ్మ, ఏ గడి చూస్తే ఆ గడిని చాటింపు వేస్తాయట. అందుకే గుర్రం వైపు చూడకూడదు, గుర్రం దూకే గడి వైపు అసలే చూడకూడదు, రిఫరీ బూట్ల వైపు చూడాలి. రబ్బరు అడుగు బూట్లు, పిల్లి నడక, ఎడమ బూటు లేసు ఊడిపోయింది, ఎవరైనా చెప్తే బాగుండు. కిటికీల్లోంచి మధ్యాహ్నపు ఎండ నేల మీద పలకలు పలకలుగా పడింది, నేల కూడా గళ్లబల్లలాగే కనబడుతోంది, ఖర్మ. మూడో వరుసలో అన్నయ్య. పాపం, పెళ్లాం ఒక పక్క, చెల్లెలు ఒక పక్క, మెడ తిప్పే పని లేకుండా సరిగ్గా మధ్య కుర్చీ ఏరుకున్నాడు. వాడికి చదరంగం రాదు. పళ్ల డాక్టరు. ఇన్నేళ్లుగా ఇద్దరు గ్రాండ్‌మాస్టర్ల మధ్య బతుకుతూ కూడా గుర్రం ఎలా నడుస్తుందో నేర్చుకోలేదు, ఎక్కిరి బిక్కిరిగా దూకే జంతువును నేనెందుకు నమ్మాలి అంటాడు. ఎవరు గెలుస్తున్నారో తెలుసుకోవడానికి మా దవడలు చూస్తాడట. నువ్వు గెలిచేటప్పుడు పళ్లు కొరుకుతావు, మీ వదిన ఓడిపోయేటప్పుడు కొరుకుతుంది, ఇద్దరూ కొరికితే డ్రా. ఇప్పుడు వాడు నా దవడ చూస్తున్నాడు. దవడ వదులు చేసుకున్నాను.

ఈ గొడవంతా వాడి నోటి దూల వల్లే మొదలైంది, తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తోంది, అప్పుడు రాలేదు. మ్యాచ్ ఖాయమైన రోజున విలేకర్లు వాడి ఆస్పత్రి దాకా వెళ్లి, ఎవరు గెలవాలని ఉంది సార్ అని అడిగితే, వాడు ఎవరి పన్నో పీకుతూ, “కిరీటం ఎటు పోయినా మా ఇంట్లోనే కదండీ ఉండేది” అన్నాడట. సరదా మాట. మర్నాడు ఒక పత్రికలో పెద్దాయన ఒకాయన, ఆటల మీద రాసీ రాసీ జుట్టు నెరిసినాయన, అరపేజీ రాశాడు. భోజనాల బల్ల దగ్గర తేలిపోయే కిరీటమట. వదినా ఆడపడుచులు పప్పూ కూరా వడ్డించుకున్నట్టు గెలుపులు కూడా వడ్డించుకుంటారట. అది చదివి నేను పేపరు ఉండచుట్టి విసిరేశాను. వదిన విసిరేయలేదు, నెమ్మదిగా మడతపెట్టింది, ఎంత నెమ్మదిగా అంటే నాకు భయమేసింది. ఆ సాయంత్రమే కింది వాటాలోంచి పైకి వచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పింది.

“మ్యాచ్ అయ్యేదాకా మనం మాట్లాడుకోవద్దు.”

“వాడెవడో కూశాడని మనం నోళ్లు కుట్టుకోవాలా వదినా?”

“మనం ఆడేది నిజమని నీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్లకీ తెలియాలి. ఆ పక్క వీధిలో ఒక గది చూసుకున్నాను.”

అంతే. చలికాలం మొత్తం మాట్లాడలేదు. అన్నయ్య ఒక రాత్రి అక్కడ, ఒక రాత్రి ఇక్కడ, సంచీలో బట్టలు పెట్టుకుని తిరిగాడు. ఏం చేస్తోందిరా వదిన అంటే నాకు చెప్పొద్దంది అనేవాడు. తింటోందా అంటే అది చెప్పొచ్చు, తింటోంది అనేవాడు. మెట్లు ఎక్కుతూ కింది వాటా తలుపు దగ్గర నా కాళ్లు వాటంతటవే ఆగేవి. రెండు కప్పుల కాఫీ కలిపి, రెండోది చూసుకుని, ఛీ అని నేనే తాగేసేదాన్ని, ఆ చలికాలంలో నాకు నిద్రపట్టకపోవడానికి అదీ ఒక కారణం. ఆడబిడ్డ అర్ధమొగుడు అని సామెత చెప్పినవాడెవడో మా వదినను చూడలేదు, మా ఇంట్లో అర్ధమొగుడి మీదే పెత్తనం చేసింది.

వదినను మొదటిసారి చూసినప్పుడు నాకు పదకొండేళ్లు. అదో బడి వ్యాయామశాల, నేల పాలిష్ వాసన, గోడకు కట్టిన తాళ్ల నిచ్చెనలు, వరుసగా వంద బల్లలు. నా కాళ్లు నేలకు అందేవి కావు, ఊపుతూ ఆడేదాన్ని. ఎదురుగా రెండు జడల పిల్ల, నాకన్నా రెండేళ్లు పెద్ద, కదలదు, మెదలదు, ముక్కు కూడా గోక్కోదు. నాకు విసుగొచ్చి మంత్రిని పంపించాను, ఏనుగును పంపించాను, ఇంట్లో సామానంతా వీధిలో పడేసినట్టు అన్నీ పంపించేశాను. ఆ పిల్ల ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టుకుంది, చక్కగా వరుసలో, ఎత్తు ప్రకారం. ఓడిపోయి బాత్రూములో నల్లా తిప్పి ఏడుస్తుంటే వెనకాలే వచ్చింది. నారింజ తొనలు చేతిలో పెట్టింది. ఏడవకు, ఏడిస్తే ఆట మర్చిపోతావు అంది. మర్చిపోతేనే మంచిది అన్నాను. కాదు, పన్నెండో ఎత్తులో నువ్వు నన్ను కట్టేసే ఛాన్సు ఉంది, చూడలేదు నువ్వు, నాకు కాళ్లు వణికాయి అంది. నిజంగా వణికాయా? వణికాయి. ఆ నారింజ తొనలు ఎంత తియ్యగా ఉన్నాయో. అవి తింటూ నల్లా పక్కన నిలబడి, తడి అద్దం మీద వేలితో గళ్లు గీసుకుని చూశాం, నిజంగానే ఉంది, పన్నెండో ఎత్తులో. అప్పటి నుంచీ ఒక సంగతి నాకు తెలుసు. ప్రపంచంలో నేను ఎక్కడెక్కడ గెలిచి ఉండేదాన్నో ఈ ఒక్క మనిషికి గుర్తుంటుంది.

వదిన కుడి పిడికిలి చెంప మీద నుంచి దించింది. గుర్రం కోసమే అనుకున్నాను. లేదు, చెవి వెనక జుట్టు సర్దుకుంది. మళ్లీ పిడికిలి. ఊపిరి పీల్చుకో. ఒక తెల్ల వెంట్రుక వచ్చింది, చలికాలం ముందు లేదు. మా అన్నయ్యకు చెప్పాలి, లేదు, చెప్పకూడదు, వాడు వెంటనే పీకుతానంటాడు, పీకడం తప్ప వాడికి ఏం తెలుసు. వాడి జీవితం మొత్తం ఒక పన్ను పీకడం మీద నిలబడింది కదా. అదెంత పెద్ద టోర్నమెంటు, మేమిద్దరం ఇరవైలలో ఉన్నాం, పట్టికలో పైన నేను, అరపాయింటు కింద ఆవిడ. అప్పటికి వదిన కాదు, నా పాలిట శని. విశ్రాంతి రోజున హోటలు వసారాలో బుగ్గ పట్టుకుని గోడకు తల ఆనించి కూర్చుంది, కళ్ల వెంట నీళ్లు. జ్ఞానదంతం. ఊళ్లో డాక్టర్లందరూ సెలవట. నన్ను చూడటానికి అన్నయ్య ఆ పొద్దునే వచ్చాడు, పెట్టెలో పనిముట్లతో సహా, ఎక్కడికెళ్లినా అవి లేకుండా వెళ్లడు, కొందరు దేవుడి బొమ్మ పెట్టుకున్నట్టు. నేనే తీసుకెళ్లాను. అన్నయ్యా, ఈ పిల్ల రేపు నాతో ఆడాలి, నొప్పితో ఆడితే నేను గెలిచినా ఎవరూ లెక్కపెట్టరు, తీసిపారెయ్ అన్నాను. హోటలు కుర్చీలో కూర్చోబెట్టి, బల్లదీపం నా చేత పట్టించి, తీసిపారేశాడు. మర్నాడు ఆ అమ్మాయి వాచిన బుగ్గతో వచ్చి నన్ను ఇరవై ఎత్తుల్లో చిత్తుచేసింది. నా జీవితంలో అంత తొందరగా ఎప్పుడూ ఓడిపోలేదు. లేచి చేయి కలుపుతూ, సగం బుగ్గతో, “మీ అన్నయ్య చేతులు చాలా మెత్తన” అంది. అప్పుడే అనుకున్నాను, అయిపోయింది, ఈవిడ ఇక బల్లకు అవతలే కాదు, ఇంట్లోకే వస్తుంది అని. వచ్చింది. అన్నయ్యేమో మీ వదిన నోట్లో ముప్పై ఒక్క పళ్లు నా కోసం, ఒక్కటి నీ కోసం పోయింది అంటూ ఉంటాడు.

ఇంట్లోకి వచ్చాక అమ్మ ఒకటే షరతు పెట్టింది. నా గుమ్మం లోపల గళ్లబల్ల కనబడకూడదు, మీరిద్దరూ బయట పొడుచుకోండి, ఇక్కడ మనుషుల్లాగా ఉండండి. సరే అన్నాం. బల్ల కనబడలేదు. ఉల్లిపాయలు తరుగుతూ, చిక్కుళ్లు ఒలుస్తూ, బల్ల లేకుండానే ఆడేవాళ్లం, నోటితో, గుసగుసగా, ఒకరు ఎత్తు చెప్తే ఒకరు జవాబు. కళ్ల నీళ్లు ఉల్లిపాయల వల్లో ఓటమి వల్లో తెలిసేది కాదు. ఒకరోజు అమ్మ వంటింటి తలుపు దగ్గర నిలబడిపోయింది.

“ఏంటే ఆ గుసగుసలు? నా గురించేనా?”

“కాదత్తయ్యా, పక్కింటావిడ గురించి” అంది వదిన, తడుముకోకుండా.

“పక్కింటావిడకి ఏనుగు ఎక్కడిదే?”

నేను నవ్వాపుకోలేక చిక్కుడు గింజలన్నీ కింద పోశాను. అమ్మ కూడా నవ్వింది, నవ్వి, కోడల్ని చూసి, “నీకు అబద్ధం ఆడటం కూడా రాదు అమ్మాయ్, ఎలా గెలుస్తావో ఏమో” అంది. ఆ రోజు నుంచి చూసీ చూడనట్టు ఊరుకుంది. అమ్మ ఇప్పుడు ఇంట్లో ఉంటుంది, టీవీ పెట్టుకోదు, ఆట రోజుల్లో అసలు పెట్టుకోదు, ఇద్దరి దుప్పట్లూ తీసి ఉతుకుతుంది. ఇప్పుడు వదిన గది దుప్పట్లు కూడా అన్నయ్య చేత తెప్పించి ఉతుకుతోందేమో.

అన్నిటికన్నా ఇష్టమైన ఆట ఏదని ఎవరైనా అడిగితే నేను గెలిచిన ఆటేదో చెప్తాను, కానీ అది అబద్ధం. అసలుది కరెంటు పోయిన ఆట. గాలివాన, పొద్దుగుంకే వేళ నల్లటి మబ్బు, కిటికీ తలుపులు కొట్టుకుంటున్నాయి, నడి ఆటలో టప్పున దీపాలు ఆరిపోయాయి. హాలంతా కేకలు. రిఫరీ గడియారాలు ఆపించి, ఎవరూ కాయలు ముట్టుకోవద్దు, కూర్చున్నచోటే కూర్చోండి అని అరుస్తున్నాడు. కన్ను పొడుచుకున్నా కనబడని చీకట్లో, బల్లకు అవతలి నుంచి వదిన గొంతు, నెమ్మదిగా, నీ ఎత్తే కదా, ఏం ఆడబోతున్నావు అంది. గుర్రం ముందుకి అన్నాను. అయితే నేను బంటు అంది. అయితే నేను శకటు. అలా చీకట్లో ఆడుకుంటూ పోయాం, వాన చప్పుడు పైన, చుట్టూ జనం గోల, మధ్యలో మా ఇద్దరి గొంతులు, ఏ గడిలో ఏముందో ఇద్దరికీ పట్టపగల్లా కనబడుతోంది. ఎంతసేపని తెలియదు. చివరికి ఇద్దరి రాజులూ చెరో బంటుతో మిగిలారు, డ్రా కదా అంది, డ్రానే అన్నాను. అప్పుడు దీపాలు వచ్చాయి. చూస్తే బల్ల మీద ఆట ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది, పాపం ఆ కాయలకు తెలియదు వాటి కథ అయిపోయిందని. చేతులు కలుపుకోబోతే రిఫరీ ఒప్పుకోలేదు, ఆడాల్సిందే అన్నాడు. సరే అని చీకట్లో చెప్పుకున్న ఎత్తులన్నీ ఒక్కటి తప్పకుండా, టకటకా, మళ్లీ ఆడాం. జనం నోళ్లు తెరుచుకుని చూశారు. నేను ఒకచోట వేరేది ఆడొచ్చు, దీపం వెలుగులో మెరుగైన ఎత్తు కనబడింది కూడా. ఆడబుద్ధి కాలేదు. తర్వాత ఎప్పుడో వదిన, నాకూ ఒకచోట కనబడింది అంది.

అదిగో, ఇప్పుడు అర్థమవుతోంది నా లోపల ఏం జరుగుతోందో. భయం అనుకున్నాను ఇందాకటి నుంచి. భయం ఉంది, లేకపోవడమేమిటి, జీవితమంతా దీని కోసమే కదా. కానీ భయం పక్కన ఇంకొకటి కూర్చుని ఉంది. ఒక మంచి జోకు తెలిసి, చెప్పడానికి ఎవరూ లేక, పెదాలు బిగబట్టుకున్నట్టు ఉంది. ఈ గుర్రం, ఈ పిచ్చి ఏనుగు, ఈ ఊపిరాడని రాజు, ఎంత అందంగా ఉంది, ఇది బల్ల మీదికి రాకుండా పోతే? వదిన చూడలేదనుకో, ఏదో మామూలు ఎత్తు ఆడుతుంది, నేను గెలుస్తాను, కిరీటం పెడతారు, ఆ నెరిసిన జుట్టు పెద్దాయన రాస్తాడు, చూశారా, ఇంత తేలిగ్గా ఓడిపోయింది, వడ్డించేసింది అని. అదీ పోనీ. కిరీటం పెట్టుకుని ఇంటికెళ్లి ఉల్లిపాయలు తరుగుతూ, వదినా, నీకు అక్కడ ఒక డ్రా ఉండింది తెలుసా అని నేను చెప్పాలి. చెప్తే ఆవిడ మొహం ఎలా ఉంటుంది. చెప్పకపోతే నా మొహం ఎలా ఉంటుంది. బావమరిది బతకగోరు, దాయాది చావగోరు అంటారు, ఆడపడుచు ఏం కోరుతుందో ఎవడూ చెప్పలేదు. నేను చెప్తాను. వదిన ఆ గుర్రాన్ని చూడాలని కోరుతుంది. గెలవాలనీ కోరుతుంది. రెండూ ఒక్కసారే, రెండు చేతుల్లో రెండు లడ్డూలు పట్టుకున్న పిల్లలాగా. చూడు వదినా. అటు కాదు, ఆ ఏనుగును కాపాడుకోవడం కాదు, వదిలించుకోవాలి. నువ్వు ఏదీ వదులుకోవు, పొదుపు మనిషివి, అదే నీ చిక్కు, ఒక్కసారి నాలాగా ఇల్లంతా వీధిలో పడెయ్యి.

వదిన తలెత్తింది. ఈసారి జుట్టు కోసం కాదు. నేను రిఫరీ బూట్ల కోసం వెతికాను, ఆయన అవతలి పక్క ఉన్నాడు, ఎక్కడా చూసే చోటు దొరక్క ఆవిడనే చూశాను. చలికాలం మొదలైనప్పటి నుంచి మేం ఒకరి కళ్లలోకి ఒకరం చూసుకోలేదు, పదకొండు ఆటలు ఆడాం, ఒకరి చేతుల్ని ఒకరం చూసుకుంటూ. ఎంతసేపు చూసిందో. నా కళ్లకు నోరుందా, ఏమన్నాయో నాకు తెలియదు. వదిన పెదవి చివర, ఎడమ వైపు, కొంచెం, దారం లాగినట్టు కదిలింది. గుర్రాన్ని తీసింది. నా బంటు నోట్లో పెట్టింది.

హాలు ఒక్కసారి ఊపిరి పీల్చింది. ఎవరో అయ్యో అన్నారు, పెద్దగా, పొరపాటు చేసిందనుకుని. నాకు లోపల గంటలు మోగాయి. తిన్నాను. ఏనుగు వచ్చింది, నా రాజు పక్కనే నిలబడింది, చెక్. ఇప్పుడు జనానికి అర్థమవడం మొదలైంది, మొదట వెనక వరుసల్లో, తర్వాత ముందు వరుసల్లో, గాలి వచ్చినప్పుడు ఆకులు కదిలినట్టు. తప్పుకున్నాను. చెక్. తప్పుకున్నాను. చెక్. నవ్వొస్తోంది, ఆపుకుంటున్నాను, వదిన కూడా ఆపుకుంటోంది, ముక్కుపుటాలు కదులుతున్నాయి. డ్రా అయిపోతోంది, కిరీటం అవతలే ఉండిపోతోంది, నా రాజు అత్తగారింటి వరండాలో కొత్తల్లుడిలా అటూ ఇటూ దిక్కులు చూస్తోంది, నేను నా జీవితంలో ఇంత సంతోషంగా ఎప్పుడూ లేను. గంటసేపు ఈ ఏనుగును తినకూడదు తినకూడదు అనే అనుకున్నాను కానీ, ఎప్పుడు తినొచ్చు అని ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడు అడిగాను, గడియారంలో అరనిమిషం ఉండగా. వదిన రాజుకు ఊపిరి ఆడనివ్వనిది ఎవరు? చివరి వరుసలో ఉన్న నా ఏనుగు. దాని చూపుకు ఏదైనా అడ్డం వస్తే ఆ రాజుకు కదలడానికి గడి దొరుకుతుంది, గడి దొరికితే డ్రా కాదు, అప్పుడు పిచ్చి ఏనుగును హాయిగా తినొచ్చు. అడ్డం వచ్చేది ఎవరు? అటూ ఇటూ పరిగెత్తడం తప్ప పనీపాటా లేని నా రాజే. కిందికి కాదు పారిపోవాల్సింది. పైకి. బల్ల మొత్తం ఎక్కి, చివరి వరుస దాకా పోయి, నా ఏనుగుకే ఎదురుగా నిలబడాలి.

రాజును పైకి జరిపాను. చెక్. ఇంకో మెట్టు. చెక్. వదిన వేళ్లు ఒక్క క్షణం ఏనుగు మీద ఆగాయి, చూసేసింది, నాకు తెలుసు చూసేసిందని, కానీ ఆపలేదు, ఒక్కో చెక్ చెప్తూ నా రాజును పైకి సాగనంపింది, వీధి చివరి దాకా చుట్టాన్ని దిగబెట్టినట్టు. రాజు చివరి వరుస చేరింది. ఏనుగు వచ్చింది, పక్కన నిలబడింది, ఆఖరిసారి చెక్ అంది. తిన్నాను.

వదిన బల్లను చూసింది. తన రాజుకు ఇప్పుడు ఒక గడి ఉంది. ఒక్కటే. దాన్ని ఆడలేదు. ఓటమి ఒప్పుకుంటూ చేయి చాచింది. నేనూ చాచాను. ఆ చేయి చెమటతో తడిసి, వేడిగా ఉంది, వదలలేదు. చప్పట్లు ఎప్పుడు మొదలయ్యాయో, జనం ఎప్పుడు లేచి నిలబడ్డారో తెలియదు, ఆ మోతలో ఆవిడ ముందుకు వంగి చలికాలం తర్వాత నాతో అన్న మొదటి మాట వినడానికి నేను కూడా వంగాల్సి వచ్చింది.

“గుర్రం సంగతి నీకు ఎప్పుడు తెలిసింది?”

“నీళ్లు తాగుతుంటే.”

“గంట నుంచా? గంటసేపు అలా కూర్చున్నావా?”

“కూర్చున్నాను.”

“దొంగమొహమా” అంది, కళ్లు మెరుస్తూ. “మరి రాజును పైకి పంపడం?”

“అది ఇప్పుడే. పరిగెత్తుతుంటే.”

“నమ్మను.”

“ఒట్టు వదినా.”

అప్పటికే ఆవిడ చేతులు కాయల్ని వెనక్కి పెట్టేస్తున్నాయి. గుర్రం చచ్చిన చోటు, ఏనుగు మొదలైన చోటు, నా రాజు దిక్కులు చూసిన చోటు. ఇక్కడ నేను పక్క నుంచి కాకుండా కింద నుంచి చెక్ చెప్పి ఉంటే అంది. పైకి పోతాను కదా అన్నాను. ఎక్కడికి పోతావు, ఇదిగో అడ్డం అంది. నేను ఆగాను. నిజమే. అయితే ఈ గడి. ఆ గడిలోకొస్తే ఇది. ఇద్దరం బల్ల మీదికి వంగిపోయాం, తలలు తగిలాయి, ఎవరూ వెనక్కి తీసుకోలేదు. రిఫరీ వచ్చి దగ్గాడు. వేదిక మీద బల్ల తీసేయాలి, బహుమతి ఇవ్వాలి, పెద్దలు వచ్చి కూర్చున్నారు అన్నాడు. ఒక్క నిమిషం అన్నాం ఇద్దరం, ఒకే గొంతుతో. పూలగుత్తులు పట్టుకున్న మనుషులు మెట్ల దగ్గర నిలబడిపోయారు. కెమెరాలవాళ్లు ఎక్కివచ్చారు, వాళ్ల మధ్యలో ఆ నెరిసిన జుట్టు పెద్దాయన, అరపేజీ రాసినాయన, కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, పెన్నూ కాగితం సంగతి మర్చిపోయి, మా బల్లను చూస్తున్నాడు. అయ్యా, కాస్త వెలుతురు వదలండి అంది వదిన ఆయనతో, మామూలుగా. ఆయన పక్కకు జరిగాడు.

అందరినీ తోసుకుంటూ అన్నయ్య వచ్చాడు. ముందు భార్య మొహం చూశాడు, తర్వాత నా మొహం చూశాడు, మళ్లీ భార్య మొహం చూశాడు. ఇద్దరివీ ఒకేలా వెలిగిపోతున్నాయి. దవడలు చూశాడు, ఇద్దరివీ వదులుగా ఉన్నాయి. పాపం వాడి శాస్త్రం పనిచెయ్యలేదు.

“ఎవరైనా చెప్పండర్రా, ఇంతకీ ఎవరు గెలిచారు?”

వదిన తలెత్తలేదు. నా రాజును రెండు వేళ్లతో పట్టుకుని ఒక గడి కిందికి దించి, చచ్చిన ఏనుగును మళ్లీ బతికించి దాని పక్కన పెడుతూ అంది.

“ఉండండీ. ఇంకా తేలలేదు.”